చేతిసంచీలో పట్టే ప్రయాణం

1889 నవంబరు 14వ తేదీ ఉదయం పాతికేళ్ల అమ్మాయి ఒకతె అమెరికా తూర్పు తీరాన హొబొకెన్ రేవులో ఓడ ఎక్కింది. పేరు నెల్లీ బ్లై. ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో విలేఖరి. జూల్స్ వెర్న్ నవలలో ఫిలియాస్ ఫాగ్ అనే పెద్దమనిషి ఎనభై రోజుల్లో భూప్రదక్షిణం చేశాడు కదా, తను అంతకన్నా తక్కువ రోజుల్లో నిజంగానే చేసి చూపిస్తానంది. మొదటిసారి ఈ మాట అన్నప్పుడు ఆఫీసులో పెద్దలు ఒప్పుకోలేదు. ఆడపిల్లవి, తోడు లేకుండా ఎలా వెళతావన్నారు. తోడు సంగతి అలా ఉంచినా, ఆడవాళ్లు వెంటేసుకునే పెట్టెలతో రైళ్లూ ఓడలూ గబగబా మారడం అయ్యే పనేనా అన్నారు.

ఆవిడ వాళ్లతో వాదించి గెలిచిందో లేదో గానీ, సామాను సర్దుకోవడంలో మాత్రం గెలిచింది. ఒంటిమీద ఒకే గౌను, పైన ఒక కోటు, చేతిలో ఒక చిన్న సంచీ. అంతే. కాగితాలూ, కలాలూ, సూదీ దారం, చేతిరుమాళ్లూ అన్నీ ఆ సంచీలోనే. ముఖానికి రాసుకునే క్రీము డబ్బా ఒక్కటే సంచీ మూత పడనివ్వకుండా దారి పొడుగునా పేచీ పెట్టిందని తరువాత తనే రాసుకుంది. కొలంబోలో ఓడ కదలక ఐదు రోజులు కూర్చుంది. సింగపూరులో ఓ కోతిని కొనుక్కుంది. 1890 జనవరి 25న తిరిగి వచ్చేసింది. లెక్క చూస్తే 72 రోజుల 6 గంటల 11 నిమిషాలు!

ఆ ఏడాదే మెక్‌లాఫ్లిన్ సోదరుల కంపెనీ ఈ ప్రయాణాన్ని ఒక ఆటగా అచ్చువేసి అమ్మింది. రోజుకో గడి. చుట్టలు చుట్టుకుంటూ లోపలికి పోయే దారి. మంచి గడి పడితే ముందుకి, చెడ్డ గడి పడితే వెనక్కి. వీధి గుమ్మం దాటని ఇల్లాళ్లూ, బడికి సెలవైన పిల్లలూ భోజనాల బల్లమీద ఆ అట్టముక్క పరిచి ప్రపంచమంతా తిరిగొచ్చారు. చేతిసంచీతో జరిగిన ప్రయాణం చివరికి ఒక అట్టముక్కలో సర్దుకుందన్నమాట.

ఈ సంగతి ఎందుకు ఎత్తుకున్నానంటే, కథ చెబుతూ, కొత్త చోట్లు తిప్పి చూపించే ఈ బోర్డు ఆటలు ఈమధ్య మళ్లీ బాగా పెరిగాయి. సెల్‌ఫోన్ల కాలంలో ఇదేమిటి, అట్టలూ పావులూ పట్టుకు కూర్చుంటారా అనుకోకండి. కూర్చుంటున్నారు. అయితే ఆ పెట్టెలు చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. కొన్ని పెట్టెలు బియ్యం బస్తాతో పోటీపడే బరువు. వాటి నియమాల పుస్తకం చూస్తే పరీక్షకి చదివే పాఠ్యగ్రంథమంత ఉంటుంది. మరి అలాంటి పెద్దది కొనాలా, చిన్నదీ చొరవగా ఉండేదీ ఎంచుకోవాలా? ఇది బజారు ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, దీనికి నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. కథలు రాసుకుని బతికేదాన్ని కనక, కథ ఏ పాత్రలో పోస్తే నిలుస్తుందన్నది నాకు సొంత వ్యవహారం కూడాను.

మొదట ఐరోపాలో ‘బాతు ఆట’ దగ్గర్నుంచి మొదలుపెడదాం. 1574 నుంచి 1587 దాకా ఫ్లారెన్సు నేలిన ఫ్రాంచెస్కో మెదీచీ ప్రభువు స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కి ఈ ఆటని కానుకగా పంపాడు. 1597లో లండన్‌లో జాన్ వోల్ఫ్ అనే అచ్చాఫీసాయన దీన్ని తన పేర రిజిస్టరు చేయించుకున్నాడు. మొత్తం 63 గడులు. 6వ గడిలో వంతెన, 19లో పూటకూళ్ల ఇల్లు, 31లో బావి, 42లో దారి తప్పించే పొదల చిట్టడవి, 52లో చెరసాల, 58లో చావు. చావు గడిలో పడ్డవాడు మళ్లీ మొదటికి పోవాలి. చూశారూ, ఇది ఆట కాదు, ఓ బాటసారి కథ! దారిలో వంతెనకి సుంకం కట్టాడు, సత్రంలో తిని పడుకుని ఆలస్యం చేశాడు, బావిలో పడి ఎవరైనా వచ్చి తీస్తారా అని ఎదురు చూశాడు. రాసిందేమో ఆరు బొమ్మలు, ఊహించుకునేదేమో నవలంత. నియమాలు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. అందుకే రాజుగారి కొలువులోంచి సులువుగా కల్లు దుకాణాల బల్లలమీదికి దిగి వచ్చింది.

తరువాత దీని అంతస్తు పెరిగింది. 1759లో లండన్‌లో జాన్ జెఫరీస్ అనే పంతులుగారు ‘యూరప్ యాత్ర’ అనే పటం వేశాడు. ఆయన పని పిల్లలకి దస్తూరీ, భూగోళం నేర్పడం. పాఠం వినమంటే వినని పిల్లలు ఆటయితే వింటారని ఆయన ఉపాయం. అది పటం అనే మాటేగానీ నిండా కొంటెతనమే. రోము నగరంలో ఆగినవాడు పోపుగారి పాదం ముద్దు పెట్టుకున్న నేరానికి చలి దేశమైన ఐస్‌లాండుకి దేశాంతర శిక్ష పొంది, మూడు ఆటలు పోగొట్టుకోవాలి! ఇంగ్లీషు ప్రొటెస్టెంటు పంతులు రోమన్ కాథలిక్కుల మీద విసురు విసరడానికి భూగోళ పాఠాన్ని ఇలా వాడుకున్నాడన్నమాట. కథ చెప్పేవాడి బుద్ధి ఆటలోకి జొరబడకుండా ఎప్పుడూ ఉండలేదు.

ఆ రోజుల్లో మర్యాదస్తుల ఇళ్లలో పాచికలు నిషేధం. జూదగాళ్ల సరుకని ముట్టుకునేవారు కాదు. బదులుగా అంకెలు వేసిన చిన్న బొంగరాన్ని తిప్పేవారు. పడేది అంకే, నడిచేది పావే, అయినా బొంగరం పతివ్రత, పాచిక కాదు!

జపానులో మరో ముచ్చట. ఎదో నుంచి క్యోటోకి పోయే తొకైదో రహదారి మీద 53 మజిలీలు ఉండేవి. ఆ మజిలీలన్నిటినీ రంగురంగుల బొమ్మలుగా ఒకే కాగితం మీద అచ్చువేసి, కొత్త సంవత్సరం నాడు ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడేవారు. సుగొరోకు అంటారు దీన్ని. ఇందులో ఒక రకం నాకు భలే నచ్చింది. వరసగా నడవక్కర్లేదు. ప్రతి గడిలోనూ, ఫలానా అంకె పడితే ఫలానా గడికి ఎగిరిపో అని రాసి ఉంటుంది. ఒకే కాగితం మీద ఆడిన ప్రతిసారీ కొత్త దారి, కొత్త కథ. మైజీ కాలం వచ్చాక అక్కడి పత్రికలు కొత్త సంవత్సరం సంచికతో ఈ కాగితాన్ని అనుబంధంగా ఇచ్చేవి. మడిచి పత్రిక మధ్యలో పెట్టేవారు. అంతకన్నా చిన్న ఆట ఇంకేముంటుంది చెప్పండి! అనుబంధాల్లో రాసుకునే నాబోటి వాళ్లకి ఈ సంగతి వింటే కాస్త గర్వంగా కూడా ఉంటుంది.

ఇహ మన వైకుంఠపాళి సంగతి చెప్పకపోతే మా పెద్దమ్మ నన్ను క్షమించదు. పరమపద సోపాన పటం అని దాని పూర్తి పేరు. ముక్కోటి ఏకాదశి జాగారానికి, శివరాత్రి జాగారానికి గోడవార పరుచుకుని గవ్వలు వేసుకుంటూ తెల్లవారుజాము దాకా ఆడిన తరం ఇంకా మనమధ్య ఉంది. అందులో నిచ్చెనంటే ఉత్త నిచ్చెన కాదు, అదొక పుణ్యం. పామంటే ఉత్త పాము కాదు, దానికో పేరుంది, దాని వెనక ఓ పాపముంది. పెద్దవాళ్లు ఆడుతూ ఆడుతూ ఆ రాక్షసుడెవరో, ఎందుకు పామయ్యాడో కథ చెప్పేవారు. ఈ ఆట ఉత్తరాదిన జ్ఞాన చౌపర్. 1780 ప్రాంతాల లక్నోలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి రిచర్డ్ జాన్సన్ సేకరించిన పటం ఒకటి ఇప్పటికీ లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఆ ఆటే ఇంగ్లండు చేరి, 1892లో ఎఫ్. హెచ్. ఏర్స్ అనే ఆటవస్తువుల వ్యాపారి చేతిలో ‘స్నేక్స్ అండ్ లాడర్స్’గా రిజిస్టరయింది. మొదట్లో కొన్ని పటాల మీద సద్గుణాలూ దుర్గుణాలూ బొమ్మలుగా ఉండేవి. పోనుపోను అవీ పోయాయి. నూరు గడులు, నాలుగు పాములు, నాలుగు నిచ్చెనలు మిగిలాయి. చిన్నదీ అయింది, సులువూ అయింది. కానీ కథ ఎగిరిపోయింది. ఇక్కడ మనం ఓ సంగతి గుర్తుపెట్టుకోవాలి. కుదించడం వేరు, పీల్చెయ్యడం వేరు. ఉల్లిపాయ పొట్టు తీసినట్టు తీసుకుంటూపోతే చివరికి చేతిలో ఏమీ ఉండదు. చిన్న ఆట కావాలన్నవాళ్లు ఏది తీసేశారో కూడా చూసుకోవాలి.

ఇంతవరకూ చెప్పిన ఆటలన్నిట్లోనూ ఒక లోపం ఉంది. ఆడేవాడికి నోరు లేదు. పాచిక ఎటు తోస్తే అటు పోవడమే. కథ ఉంది గానీ అందులో మన ఇష్టం లేదు. ఆ ఇష్టం మెల్లిగా ఎప్పుడు వచ్చిందంటే, 1860లో. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డు ఊళ్లో మిల్టన్ బ్రాడ్లీ అని రాతి అచ్చు పనివాడు. అబ్రహాం లింకన్ బొమ్మ అచ్చువేసి బాగా అమ్ముకుంటున్నాడు. ఇంతలో లింకన్ గారు గడ్డం పెంచేశారు! గడ్డం లేని బొమ్మలు ఎవరిక్కావాలి? వ్యాపారం మూలపడింది. ఆ దిగుల్లోంచి పుట్టినదే ‘చెకర్డ్ గేమ్ ఆఫ్ లైఫ్’. చదరంగం బల్లలాంటి 64 గడులు. శైశవం నుంచి సుఖమైన వార్ధక్యం దాకా. బొంగరం తిప్పితే పడే అంకె ఏయే దిక్కులకి పోవచ్చో చెబుతుంది, వాటిలో ఎటు పోవాలో మాత్రం నీ ఇష్టం. బడికి పోతావా, ఇంకోవైపు తిరుగుతావా? జీవితం మొత్తం అంకె చేతిలో లేదు, కొంత మన చేతిలోనూ ఉందని చెప్పిన పటం అది.

ఆ మరుసటేడే అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. శిబిరాల్లో సైనికులు విసుగెత్తి కూర్చున్నారని విని, బ్రాడ్లీ తన ఆటతో పాటు చదరంగం, డామినోలు లాంటివి కలిపి ఓ బుల్లి కట్టగా చేశాడు, సైనికుడి మూటలో పట్టేలాగ. రేపు బతుకుతామో లేదో తెలియని కుర్రాళ్లు ఆ అరచేతి పటం మీద ‘సుఖమైన వార్ధక్యం’ గడి చేరాలని ఆడుకున్నారంటే, తలుచుకుంటే మనసు ఎలాగో అయిపోతుంది. పెద్ద పటమైతే యుద్ధభూమికి చేరి ఉండేది కాదు. చిన్నది కనకే చేరింది.

ఇరవయ్యో శతాబ్దం చివర్లో కథ మళ్లీ లావెక్కింది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఇద్దరూ కలిసి ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చారు. మొదట వేసింది వెయ్యి ప్రతులే. బల్లే అక్కర్లేదు, ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్లు పాత్రలై గుహల్లో దూరతారు. ఆట అద్భుతమే గానీ, కొత్తవాడు ఆ పుస్తకాలు చదివి మొదలుపెట్టడం బ్రహ్మతరం కాదు. అప్పుడు జాన్ ఎరిక్ హోమ్స్ అనే నరాల వైద్యుడు, కొత్తవాళ్ల కోసం నేను తిరగరాస్తానని తనంతట తనే ముందుకొచ్చాడు. 1977లో 48 పేజీల పుస్తకంగా వచ్చింది. అంత మహాసముద్రానికీ మొదటి రేవు అదే. లక్షలమంది పిల్లలు ఆ తరహా చిన్న పెట్టెల మెట్లమీంచే నీళ్లలోకి దిగారు.

1979లో వచ్చిన ‘మ్యాజిక్ రెల్మ్’ కథ దీనికి సరిగ్గా తిరగేసి. రిచర్డ్ హ్యాంబ్లెన్ రూపొందించాడు. ఇరవై షడ్భుజి పలకలు, అడవులూ గుహలూ, ఆడిన ప్రతిసారీ కొత్తగా అమరే లోకం. ఊహలో దానికి సాటి లేదంటారు. కానీ నియమాలు మింగుడుపడక ఎన్నో ఇళ్లలో అటకెక్కింది. 1986లో నియమాలు తిరగరాసి మళ్లీ వెయ్యాల్సి వచ్చింది.

అదే కాలంలో వచ్చిన ‘సోర్స్ ఆఫ్ ది నైల్’ గురించి ఒక మాట. ఆఫ్రికా పటం మధ్యభాగమంతా ఖాళీ. అన్వేషకుడు ముందుకి పోయినకొద్దీ నదినో కొండనో రంగు పెన్సిలుతో ఆ ఖాళీలో గీసుకుంటూ పోవాలి. ఆలోచన ఎంత ముచ్చటగా ఉందో! కానీ కాస్త నిదానించి చూస్తే, ఆ ఖాళీ ఎవరికి ఖాళీ? అక్కడ పుట్టి పెరిగినవాళ్లకి ప్రతి వాగూ తెలుసు. తెల్లదొర కంటికి కనపడనిదల్లా ఖాళీ అనుకున్నారు. కొత్తచోట్లు వెతికే ఆట ఏది కొన్నా, పటంలో ముందునుంచీ ఉన్నవాళ్లకి మాట్లాడే గడి ఒకటి ఉందా అని చూడటం నాకు అలవాటైపోయింది.

1982లో ఇంగ్లండులో స్టీవ్ జాక్సన్, ఇయన్ లివింగ్‌స్టన్ ఇద్దరూ ఇంకో గమ్మత్తు చేశారు. పెట్టే లేదు, పటమూ లేదు, ఆటని జేబు పుస్తకంలో పెట్టేశారు. 400 ముక్కలుగా కథ. తలుపు తీస్తే ఫలానా నెంబరుకి పో, తియ్యకపోతే ఫలానా నెంబరుకి పో. ఓ పెన్సిలు, రెండు పాచికలు ఉంటే చాలు, బస్సులో కూర్చుని కూడా ఆడొచ్చు. 1985లో ఎరిక్ గోల్డ్‌బర్గ్ ‘టేల్స్ ఆఫ్ ది అరేబియన్ నైట్స్’ అనే బోర్డు ఆట వేశాడు. బాగ్దాదు నుంచి బయల్దేరి దారిలో ఎదురైనవాళ్లతో మాట్లాడటమో, దోచుకోవడమో, పారిపోవడమో ఎంచుకోవాలి. పక్కవాళ్లు పుస్తకంలో వెతికి నీ గతి ఏమైందో చదివి వినిపిస్తారు. పుస్తకం లావే, నియమాలు మాత్రం సన్నం. ఇల్లు ఎంత పెద్దదైనా ఫరవాలేదు, గడప ఎత్తుగా ఉండకూడదు. చిన్న ఆట అంటే నా లెక్కలో గడప ఎత్తు లేని ఆట. పెట్టె కొలతలు తరువాతి మాట.

ఆ గడప ఎత్తుకి ఈ శతాబ్దపు ఉదాహరణ ‘గ్లూమ్‌హేవెన్’. ఐజాక్ చిల్డ్రెస్ అనే భౌతికశాస్త్ర డాక్టరేటు ఉన్నాయన 2017లో తెచ్చాడు. పెట్టె తొమ్మిది పది కిలోలు. 95 ఘట్టాలు, 17 రకాల పాత్రలు. వారానికోసారి కూర్చుంటే ఏళ్లు పడుతుంది. ఆటగాళ్ల లోకం దాన్ని నెత్తిన పెట్టుకుంది, కాదనను. కానీ 2020లో ఆయనే దానికి తమ్ముణ్ణి తెచ్చాడు, ‘జాస్ ఆఫ్ ది లయన్’ అని. 25 ఘట్టాలు, నలుగురు పాత్రలు. పలకలు వెతికి అమర్చే పనిలేదు, పుస్తకం తెరిస్తే ఆ పేజీయే పటం. మొదటి ఐదు ఘట్టాలూ ఆడిస్తూనే ఆట నేర్పుతాయి. మహాకావ్యం రాసిన మనిషి తానే కూర్చుని దానికి బాలశిక్ష రాశాడన్నమాట. హోమ్స్ డాక్టరుగారు ఇంకొకళ్ల పుస్తకానికి చేసిన పనిని, ఈయన తన పుస్తకానికి తనే చేసుకున్నాడు. చరిత్ర ఇలా పదేపదే ఒకే తిప్పు తిరగడం యాదృచ్ఛికం కాదు. కథ పెరిగినప్పుడల్లా మనుషులు బయట ఆగిపోతారు. ఎవరో ఒకరు లోపలినుంచి వచ్చి చిన్న తలుపు తెరవాల్సి వస్తుంది.

అంత పెద్దవి మరి ఎందుకు కొంటారంటారా? మనం కొనేది ఆటని మాత్రమే కాదు, తీరికని కూడా కొంటున్నామనుకుంటాం. ఆ పెట్టె ఇంట్లో ఉంటే ప్రతి ఆదివారం అందరం కూర్చుంటామని ఓ నమ్మకం. భారతం పద్దెనిమిది పర్వాలూ కొని అద్దాల బీరువాలో పెట్టుకునే ఇళ్లు లేవూ? పుస్తకాలు ఉంటాయి, తీరిక ఉండదు.

డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురు, నాకు చెల్లెలు, కిందటేడు అచ్చంగా ఈ సంగతే ఫోను చేసి అడిగింది. పెద్దమ్మ ఆరు నెలలకని అక్కడికి వెళ్లింది. వయసు డెబ్భై రెండు. గుంటూరు దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. తెలుగు తప్ప మరో భాష రాదు. మనవళ్లకి పదకొండు, ఎనిమిది. వాళ్లకి తెలుగు వింటే అర్థమవుతుంది, నోట్లోంచి రాదు. “అక్కా, అమ్మ సోఫాలో కూర్చుని గోడ చూస్తోంది. పిల్లలు మేడమీద గదుల్లో ఉంటారు. ఒకళ్లకొకళ్లు వినపడరు. అందరూ ఒక బల్ల దగ్గర కూర్చునేలా ఏదన్నా చెప్పు. మా ఆయన స్నేహితుడొకాయన ఓ పెద్ద పెట్టె ఇచ్చాడు, బావుంటుందిట. రెండు ఆదివారాలు నియమాలు చదవడానికే సరిపోయాయి. అమ్మ నిద్రపోయింది,” అంది.

ఆరు నెలల్లో అప్పటికి నెలన్నర గడిచిపోయింది. పెద్దమ్మ మళ్లీ వెళ్లగలదో లేదో ఎవరికి తెలుసు? మోకాళ్లు సహకరించడం లేదు. పిల్లలకి అమ్మమ్మంటే గోడ చూస్తూ కూర్చున్న ముసలావిడగానే గుర్తుండిపోతుందా అన్నదే మా చెల్లెలి దిగులు. ఆట ఓ వంక.

చరిత్ర అంతా చదివినందుకు నాకు మూడు కొలతలు దొరికాయి. అవే చెప్పాను. మొదటిది, పెట్టె తెరిచిన పది నిమిషాల్లో మొదటి అడుగు పడాలి. బాతు ఆటలో పడ్డట్టు. రెండోది, కథ పైకి చదివేలా ఉండాలి, ఎవరికి వాళ్లు చదువుకునే చీటీలు కాకూడదు. మూడోది, ఒకళ్లమీద ఒకళ్లు గెలిచేది కాక అందరూ ఒక పక్షాన ఉండేది కావాలి. డెబ్భై రెండేళ్ల మనిషి ఎనిమిదేళ్ల పిల్లాడి చేతిలో ఓడిపోయినట్టు నటించడం ఎన్నాళ్లు!

ఈ మూడింటికీ సరిపడినదిగా నేను చెప్పింది ‘స్టఫ్డ్ ఫేబుల్స్’. జెర్రీ హాథోర్న్ 2018లో చేసింది. ఏడేళ్ల పిల్లల నుంచి ఆడొచ్చు. కథ చిన్నదే. ఓ పసిపిల్ల ఉయ్యాల మంచం వదిలి మొదటిసారి పెద్ద మంచం మీద పడుకుంటుంది. రాత్రి పీడకలలు మంచం కిందినుంచి వస్తాయి. ఎలుగుబంటి, కుందేలు, ఏనుగు, సింహం వగైరా ఆ పాప గుడ్డబొమ్మలు లేచి కలల లోకంలోకి పోయి పాపని కాపాడాలి. ఇక్కడా పుస్తకమే పటం, తెరిచిన పేజీలో ఒకవైపు చోటు, ఒకవైపు కథ. బొమ్మల ఆయుష్షేమో వాటి కడుపులో కూరిన దూది. చెల్లే డబ్బేమో బొత్తాలు.

తరువాత ఏం జరిగిందో చెల్లెలు చెప్పినంత చెబుతాను. మొదటి సాయంత్రం పెద్దవాడు కథ ఇంగ్లీషులో చదివాడు. పెద్దమ్మ “ఏమంటున్నాడే?” అని కూతుర్ని అడిగింది. చెల్లెలు వంటింట్లో ఉండి, “నువ్వే చెప్పరా అమ్మమ్మకి,” అంది. వాడు తడుముకున్నాడు. పాప నిద్ర... కింద చెడ్డవాళ్లు... బొమ్మలోంచి తెల్లది, మెత్తది పోతుంది... ఆ తెల్లదాని పేరు వాడికి రాలేదు. “దూది నాయనా!” అంది పెద్దమ్మ. పత్తి చేలమధ్య పెరిగిన మనిషికి దూది సంగతి ఒకరు చెప్పాలా? పత్తి ఎలా తీస్తారో, గింజ ఎలా వేరు చేస్తారో, ఏకేవాడు వీధిలోకి వస్తే విల్లు చప్పుడు ఎలా ఉండేదో మొదలుపెట్టింది. పిల్లలు ఆట ఆపి ఆ కథ విన్నారు. ఆ రాత్రి బొమ్మలు గుమ్మం కూడా దాటలేదుట!

రెండో వారం నుంచి కథ చదివే పని పెద్దవాడిది, తెలుగులో చెప్పే పని చిన్నవాడిది, ఎటు వెళ్లాలో తేల్చే పని అమ్మమ్మది. ఎడమ దారా, కుడి దారా అంటే ఆవిడ తేల్చడానికి ముందు పది ప్రశ్నలు వేసేదిట. అక్కడ దీపముందా? ఆ తలుపు తీసేదెవరు? ఇంతకీ ఆ పాప తల్లేం చేస్తోంది? ఆ ప్రశ్నలకి జవాబు చెప్పడానికి వాళ్లు తెలుగు మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. పెద్ద పెట్టెలో అయితే వెతుక్కునేవాళ్లు గాని, తెలుగు మాటల్ని కాదు, పదిహేడో పేజీలో మూడో నియమాన్ని!

ఆటలన్నీ మనుషుల్ని దగ్గర చేస్తాయని నేను ఒట్టేసి చెప్పలేను. మా పెద్దమ్మ మోకాళ్లు బాగుపడలేదు. పిల్లలు మేడమీద గదులు వదిలి కిందికి కాపరం రాలేదు. వారానికి రెండు సాయంత్రాలు, గంటన్నర చొప్పున, నలుగురు ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. అంతే జరిగింది. కానీ ఆ గంటన్నరలో చదివేవాడు ఒకడు, చెప్పేవాడు ఒకడు, వినేవాళ్లు ఇద్దరు. కథకి కావలసిన సంసారమంతా అదే. ముక్కోటి జాగారం నాడు వైకుంఠపాళి చుట్టూ కూడినదీ ఆ సంసారమే.

అందుకని ఎవరైనా ఇలాంటి ఆట కొనేముందు పెట్టె మీద ఎన్ని గంటల ఆట, ఎన్ని వందల చీటీలు, ఎన్ని బొమ్మలు అని చూడటం మాని, ఇంట్లో ఎవరు చదువుతారు, ఎవరు వింటారు, ఎవరికి ఎంతసేపు కూర్చునే ఓపిక ఉంది అని చూసుకుంటే మేలు. చిన్నది బాగా రుచించాక పెద్దది ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు, దుకాణాలు ఎక్కడికీ పోవు.

పెద్దమ్మ తిరిగొచ్చాక, ఆట ఎలా ఉందని అడిగాను. “బావుందే. కానీ అదేం చోద్యమో, అన్ని రాత్రులు కష్టపడి కాపాడామా, ఆ పాప ఒక్కసారైనా నిద్ర లేవలేదు,” అంది. ఆ మాటంటున్నప్పుడు ఆవిడ మొహంలో నిజంగానే కాస్త కినుక కనిపించింది.